ఇప్పాకుల్లో బంతి

బుధ్రా తన బంతిని కాలితో జరుపుతున్నాడన్న అనుమానం రామనాథానికి ఏడేళ్లుగా ఉంది. ఆ సాయంత్రం, క్లబ్ గోల్ఫ్ కప్పు చివరి ఆటలో, చివరి గుంట దగ్గర, అది కళ్లారా చూసినంత పనైంది.

బంతి గురి తప్పి చెట్లలోకి పోయింది. ఆయన బ్యాగు మోసే బుధ్రా ఎప్పటిలాగే అందరికన్నా ముందు అక్కడికి చేరాడు. రామనాథం పొద చుట్టూ తిరిగి వచ్చేసరికి బుధ్రా కుడికాలు బంతి దగ్గర నుంచి వెనక్కి వస్తోంది. బంతి ఎండిన ఇప్పాకుల మీద ఉంది.

"దొరికిందా?" అన్నాడు రామనాథం.

"దొరికింది సారు. ఇగ కొట్టుండ్రి."

వెనక నుంచి శ్రీరంగం వచ్చాడు. గనుల టౌన్‌షిప్ బజారులో బట్టల కొట్టు ఆయనది. ఇప్పటిదాకా ఇద్దరూ సమానం. ఈ గుంట ఎవరిదైతే కప్పు వాళ్లది.

"ఏంది రామనాథం గారూ, మీ బంతి ఒక్కసారన్నా పోయినట్టు చూడలే," అన్నాడు. "ఈయేడు మీ చేతికి ఏం మంత్రం తగిలిందో గాని, చెట్లల్లకెల్లి కొట్టినా గుంట పక్కకే పోతది."

"సాధన చేశానండీ."

"మీరా, బుధ్రానా?"

రామనాథం బంతి వైపు చూశాడు. ఇంత గుబురులో పడ్డ బంతి ఏ చెట్టు మొదట్లోనో ఇరుక్కోవాలి. కొట్టడానికి వీలుగా ఆకుల మీదికి ఎలా వచ్చింది? అడిగితే ఆట ఇక్కడితో ఆగిపోతుంది. అడగకపోతే తను కూడా దొంగే.

అడగలేదు. పొట్టి కర్ర తీసుకున్నాడు. బరువు ఎడమకాలి మీద వేశాడు. మణికట్లు కదలకుండా భుజాలతో మాత్రమే ఊపాడు. బంతి నడుమెత్తు లేచి, గుంట చుట్టూ నూనె కలిపి చదును చేసిన ఇసుక మీద పడి, మెల్లగా దొర్లి జెండా కర్రకు తగిలి గుంటలో పడింది.

శ్రీరంగం చప్పట్లు కొట్టాడు. రెండే రెండు.

క్లబ్ సెక్రటరీ ధర్మయ్య కప్పు పుస్తకం తెరిచి పెన్ను చేతికిచ్చాడు. రామనాథం పెన్ను పట్టుకున్నాడు కానీ సంతకం పెట్టలేదు. పొద్దున ఇదే చేత్తో దీపం వెలిగించి వచ్చాడు. దేవుడికి తెలియదా ఏమిటి అనిపించింది.

"బుధ్రా, ఇలా రా. బంతిని జరిపావా?"

బుధ్రా దాచలేదు. "జరిపిన సారు."

"ఈ ఒక్కసారేనా?"

"శాన సార్లు."

ధర్మయ్య పుస్తకాన్ని శ్రీరంగం వైపు తిప్పాడు. "మోసేవాడు జరిపితే ఆడేవాడు జరిపినట్టే. గుంట శ్రీరంగం గారిది, కప్పూ ఆయనదే. ఇతను మీ మనిషి, రామనాథం గారూ. రేపటి నుంచి మైదానంలోకి రానివ్వాలా వద్దా, మీరే చెప్పండి."

"పొద్దున చెప్తాను."

శ్రీరంగం కప్పు తీసుకుంటూ, "నేనన్న మాటకు ఏమనుకోకుండ్రి," అన్నాడు. ఆ మంచితనం రామనాథానికి ఇంకా గుచ్చుకుంది.

అందరూ వెళ్లాక బుధ్రా మీద విరుచుకుపడ్డాడు. "ఏడేళ్లు నన్ను దొంగను చేశావు కదరా. నాకు వచ్చిన ఆటలో నాదెంత, నీ కాలిదెంత? ఎవరు చెప్తారు నాకు?"

"ఆడికే పోదాం రాండ్రి," అన్నాడు బుధ్రా.

పొద దాటి నాలుగడుగులు వేసి వంగాడు. చదునైన ఎర్రమట్టి. గడ్డి లేదు, ఆకు లేదు. మధ్యలో బంతి దిగిన చిన్న గుండ్రటి గుర్తు.

"ఈడ పడ్డది మీ బంతి."

రామనాథం ఆ గుర్తు చూశాడు, జెండా చూశాడు. అడ్డంగా చెట్టు లేదు, కొమ్మ లేదు. చిన్నపిల్లలైనా కొట్టగల చోటు.

"ఇక్కడి నుంచి తీసి ఆకుల్లో పెట్టావా? ఎందుకురా?"

"మంచి తావు దొరికితే మీరు కొట్టకముందే తల ఎత్తి జెండా దిక్కు చూస్తరు సారు. కర్ర బంతి నెత్తిన తగిలి, అది ఎటో ఉరుకుతది. తావు బాగలేదనుకో, భయంతోని బంతినే చూస్తరు. మా తాత నాకు విల్లు అట్లనే నేర్పిండు. ముందుగాల పొదల్లనే నిలబెట్టిండు."

"నోటితో చెప్పవచ్చు కదా."

"రెండేండ్లు చెప్పిన. ఇన్నరా?"

రామనాథానికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. జేబులోంచి బంతి తీసి సరిగ్గా ఆ గుర్తు మీద పెట్టాడు. ఏడేళ్ల సందేహం తీరాలంటే ఇదొక్కటే దారి. బరువు ఎడమకాలి మీదికి తెచ్చుకుని, కింద ఎర్రమట్టినే చూస్తూ ఊపాడు.

టక్‌మని చప్పుడైంది. బంతి పోయింది. ఆయన ఇంకా ఖాళీ అయిన ఆ గుర్తునే చూస్తున్నాడు.

"ఇగ తల ఎత్తుండ్రి," అన్నాడు బుధ్రా.

ఎత్తాడు. బంతి గుంటకు జానెడు దూరంలో ఆగి ఉంది.

"వచ్చింది గదా సారు," అంటూ బుధ్రా బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "ఈ దెబ్బ చేతికొచ్చిన నాడు ఎర్రపుంజు ఇస్తనంటిరి, నేను మీ బ్యాగు ఎత్తిన మొదటి దినం. మరి నాది నాకియ్యరా?"

మర్నాడు, బుధ్రాను రానివ్వమని ధర్మయ్యకు చెప్పి వచ్చి, సంతలో, జన్మలో కోడిగుడ్డు కూడా ముట్టని రామనాథం, రెక్కలు టపటపా కొట్టుకుంటున్న ఎర్రపుంజును చంకలో పెట్టుకుని బుధ్రా కోసం వెతుకుతున్నాడు.