జొహానెస్‌బర్గ్‌లో ఒక శ్రోత

"అంత పేరున్న గాయకుడు తనంతట తాను వస్తానంటే వద్దంటారేంటి, మై మసింబా?" మైకు తీగ చుట్ట చుడుతూ అడిగాడు గివ్‌మోర్.

"ఆయన పాట ఊరంతా వింటూనే ఉంది. మాట కూడా వినాలా? బడిలో ఫుట్‌బాల్ నేర్పిన చిపుంజా మాస్టారున్నాడు చూడు, ఆయన్ని పిలువు."

"ఆయన మాట ఇంట్లో పెళ్లామే వినదు."

"వినాల్సినవాళ్లు వింటారులే."

వినాల్సినవాళ్లు ఎవరో గివ్‌మోర్‌కి తెలుసు. అందుకే మాస్టారికి కబురు పెట్టడానికి లేచాడు.

ముటారే ఊరి సకుబ్వా పేటలో ఆవిడను సెకాయి అనే అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. మసింబ తల్లి కనుక మై మసింబ. ఆ మసింబ పనికోసం జొహానెస్‌బర్గ్ వెళ్లాడు. తండ్రి పోయినప్పుడు, కాగితాలు లేవు, సరిహద్దు దాటితే మళ్లీ వెనక్కి పోనివ్వరు, రాలేనమ్మా అన్నాడు. పరామర్శకు వచ్చిన జనం వింటుండగానే ఆవిడ ఫోనులో, "అయితే నాకు కొడుకు లేడనుకుంటాను" అనేసింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు చేసినా ఫోను మోగి మోగి ఆగిపోయేదే కాని ఎవరూ తీసేవాళ్లు కాదు. క్షమించమని రాసి పంపితే జవాబు లేదు.

తల్లితో మాట్లాడకపోతే పోనీ, ఊరి కబుర్లయినా వింటాడేమోనని ఆవిడకు ఆశ పుట్టింది. పనిచేసే రేడియో కేంద్రం మూతపడి ఖాళీగా తిరుగుతున్న గివ్‌మోర్‌ని పట్టుకుంది. వారానికొకరిని కూర్చోబెట్టి మాట్లాడించడం, దాన్ని వాట్సాప్‌లో వదలడం. ముటారేలో ఎవరైనా పాడ్‌కాస్ట్ వింటే అందులోనే వింటారు. వేరేచోట వినేంత డేటా కొనే స్తోమత ఎవరికుంది?

అతిథుల విషయంలో గివ్‌మోర్ లెక్క ఒకటే. ఆ మనిషి ఎన్ని గ్రూపుల్లో ఉన్నాడు, ఎంతమందికి పంపగలడు. చర్చి గాయకబృందం నాయకురాలు వస్తే బృందమంతా వింటుంది. మినీబస్సు కండక్టరు వస్తే ఆ దారినపోయే బస్సులన్నీ వింటాయి. ఆవిడ లెక్క వేరు. ఆ మనిషిని మసింబ ఎరుగునా, ఎరగడా?

మొదటి ఎపిసోడు పంపినప్పుడు, కాసేపటికే కొడుకు నంబరు దగ్గర గీతలు నీలంగా మారాయి. విన్నాడు. ఆవిడ ఫోనును గుండెకు ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

చిపుంజా మాస్టారు వచ్చాడు. గోలు కాయమని నిలబెడితే మసింబ ఒకసారి మామిడికాయ తింటూ బంతిని వదిలేసిన కథ చెప్పాడు. ఆ వారం ఎన్నడూ లేనిది జరిగింది. జొహానెస్‌బర్గ్ నుంచి వరసగా సందేశాలు. అక్కడ ఇళ్లలో పనిచేసే ఒకామె, వింటుంటే మా అమ్మ పక్కన కూర్చున్నట్టుందని ఏడ్చింది. ఎవరో లారీ డ్రైవరు మాస్టారిని మళ్లీ పిలవమన్నాడు. మీకిది ఎవరు పంపారని గివ్‌మోర్ అందరినీ అడిగి చూశాడు. తిరిగి తిరిగి ఆ కూపీ ఒకే నంబరు దగ్గరికి చేరింది.

"మీవాడే. మనకి జీతం లేని ప్రచారకర్త దొరికాడు."

"మాట్లాడటానికి మొహం చెల్లక ఇలా చేస్తున్నాడు," అంది ఆవిడ. ఆ రోజు పొయ్యి మీద సాడ్జా సంకటి కలుపుతూ కూనిరాగం తీసింది. భర్త పోయాక గివ్‌మోర్ అది వినడం అదే మొదలు.

శ్రోతలు పెరుగుతూ పోయారు. జవాబు మాత్రం రాలేదు. చలికాలం వచ్చేసరికి ఆవిడ పాట ఆగిపోయింది. అతిథి మాట్లాడుతుండగానే ఫోను వైపు చూడటం మొదలుపెట్టింది. అదీ చూసి చూసి గివ్‌మోర్ ఒకనాడు అన్నాడు.

"వాణ్ణే పిలవండి, అతిథిగా."

"రాకపోతే?"

"పిలవకపోతే ఎలాగూ రాడు కదా."

ఆ వారం అతిథి లేడు. ఆవిడ ఒక్కతే మైకు ముందు కూర్చుంది. రాసుకున్న కాగితం పక్కన పెట్టేసింది. "మసింబా, ఆ రోజు నేనన్న మాట తప్పు. అందరి ముందూ అన్నాను కనుక అందరి ముందే చెబుతున్నా. నువ్వు లేకపోతే ఈ ఊరు నన్ను ఏ పేరుతో పిలుస్తుంది? వచ్చేవారం అతిథివి నువ్వే నాయనా. నాలుగు మాటలు చెప్పనక్కర్లేదు. ఒక్కటి చాలు."

గివ్‌మోర్ అందులో ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు.

గీతలు నీలంగా మారాయి. తర్వాత రోజులు గడిచాయి తప్ప ఏమీ లేదు. గివ్‌మోర్ తనే తప్పు చేశానేమోనని మథనపడుతూ, వచ్చేవారానికి ఆ గాయకుడికి కబురు పెట్టాలా అని అడగడానికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. అప్పుడే ఫోను మోగింది. మసింబ నంబరు నుంచి గొంతు సందేశం.

ఆవిడ ఫోను చాపితే గివ్‌మోరే నొక్కాడు.

గొంతు మసింబది కాదు. బులవాయో వైపు యాస. ఎవరో కుర్రవాడు.

"అమ్మా, మీ ఎపిసోడ్లు మొదటిదాన్నుంచీ వింటున్నాను. ఇక్కడ మా గదుల్లో అందరికీ పంపింది నేనే. నాకు అమ్మ లేదు. నిజం చెబితే మీరు పంపడం మానేస్తారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. మీరు పోయినవారం అలా అడిగాక అన్నం సహించడం లేదు."

"సరేలే, మావాడికివ్వు నాయనా," అంది మై మసింబ, అవతల ఎవరూ వినడం లేదని మరిచిపోయి.

సందేశం ఇంకా అయిపోలేదు.

"గనిలోకి దిగుతూ ఈ ఫోను నా చేతికిచ్చిన మసింబ మళ్లీ పైకి రాలేదమ్మా."