రాళ్ళ ఎక్కుడు

పిల్లని చంకనేసుకుని చిన్నతల్లి గుట్ట మీదికి పోయే రాళ్ళ ఎక్కుడు సగంలో నిలబడింది. పొద్దున్నించి వాన. రంగూన్‌లో ఉన్న ఎర్రమట్టంతా ఈ గుట్ట మీదికే వచ్చినట్టు, పరిచిన రాళ్ళ సందుల్లో జావలా నిండిపోయింది.

సైకిల్ కంపెనీలు కూలిచ్చి తొక్కించే పందెం అది. తామ్వే పేటలో మొదలై, ఊరంతా చుట్టి, ఈ గుట్ట మీద ముగుస్తుంది. మొదటొచ్చినవాడికి కంపెనీలో ఏడాది పొడుగునా పని. చిన్నతల్లి మొగుడు పోలయ్య కూడా తొక్కుతున్నాడు. ఓడితే మళ్ళీ రేవులో ధాన్యం బస్తాలే. పోయినేడు బస్తా మోస్తూ నడుం పట్టేసి, పది రోజులు మంచం దిగలేదు.

చిన్నతల్లి చదువు మూడో తరగతిలోనే ఆగిపోయింది. భయపడటంలో మాత్రం పెద్ద పరీక్షలన్నీ ప్యాసైంది. జారిపడతాడేమో. గొలుసు తెగుతుందేమో. తను చూస్తే దిష్టి తగులుతుందేమో, చూడకపోతే ఓడిపోతాడేమో. పొద్దున అట్లు పెడుతూ, బరువెక్కుతాడని ఒకటి తీసేసింది, నీరసిస్తాడని రెండు వేసింది.

“ఒలే, ఏటలా వణికిపోతన్నావు? సైకిలు నువ్వు తొక్కుతన్నావేటి?” అంది పక్కింటి ఎమిలీ.

“నాను తొక్కినా ఇంత బయం ఉండదక్కా.”

“రాగానే పేరెట్టి గట్టిగా పిలు. ఊపొస్తాది.”

“ఓలమ్మో! మొగుడి పేరే?” చిన్నతల్లి నాలిక్కరుచుకుంది. “ఆయుస్సు తగ్గిపోదేటి?”

కింద మలుపులో కేకలు. ఒకడు ఎక్కుతున్నాడు. తల నించి చక్రం దాకా మట్టిముద్ద. వీళ్ళ పక్కకి రాగానే పళ్ళికిలించి మరీ పోయాడు.

“పొగరు చూసావా అక్కా! ఈడి చక్రం ఊడ!”

వాడి వెనకే ఇంకొకడు. అదే బురద. కానీ ఆ బక్క వీపు, ఆ వంగడం... చిన్నతల్లి ఒక అడుగు ముందుకేసింది. అతను రాళ్ళ మీద తడబడ్డాడు. చక్రం గిర్రున తిరుగుతోంది, సైకిలు మాత్రం కదలడం లేదు.

“ఓయ్... ఇదిగో... పిల్ల నాయినా!”

పందెంలో తప్పులు పట్టే దొరలంతా పైన గొడుగుల కింద ఉన్నారు. చిన్నతల్లి పిల్లని ఎమిలీ చేతుల్లో పడేసింది. కొంగు దోపింది. సీటు వెనక రెండు చేతులూ పెట్టి తోసింది.

ఒక చెప్పు ఊడిపోయింది. రెండోది తనే విదిలించేసింది. బల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో, సైకిలు ఒక్క ఊపున లేచింది. పైన గీత దగ్గర, ఆ పళ్ళికిలించినవాణ్ణి మూరెడు తేడాతో దాటేసింది.

చిన్నతల్లి ఉత్త కాళ్ళతో పైకి పరిగెత్తింది. ఏడుస్తూ, నవ్వుతూ, గెలిచినవాడి చెయ్యి పట్టుకుంది.

“ఇంక బస్తాల్లేవు!” అంది.

ఆ మనిషి చెయ్యి విడిపించుకుని, మొహం మీది బురద తుడుచుకుని, దణ్ణం పెట్టాడు: “ఏ ఇంటి ఆడకూతురివో గానీ అక్కా, నువ్వు తొయ్యకపోతే ఆ పోలయ్యని నాను దాటేవోణ్నేటి?”