ఐదు మాటలు

"ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నావు?"

"సడ్‌బరీలో. మా అమ్మ పేరు కూడా చెప్పనా?" లేలండ్ రక్తం ఉమ్మి నవ్వాడు. పదహారేళ్ళుగా ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడుతున్నాడు. ఐదు నిమిషాల క్రితం రింక్ చుట్టూ ఉండే అద్దపు గోడకు తల కొట్టుకుని మంచు మీద పడ్డాడు.

డ్రెస్సింగ్ రూములో జట్టు ఫిజియో ఏంబ్రోస్ అతని కళ్ళలోకి టార్చి వేశాడు. ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్కన ఆడినవాళ్ళే. "ఐదు మాటలు చెబుతాను, కాసేపాగి అప్పజెప్పు. పడవ, ఉప్పు, గుర్రం, కిటికీ, గొడుగు."

తలకు దెబ్బ తగిలినవాడు మాటలు అప్పజెప్పలేకపోతే ఇక ఆడనివ్వరు. రూలు ప్రకారం ప్రతిసారీ కొత్త మాటలు అడగాలి. స్నేహితుడి ఆట పోకూడదని ఎనిమిదేళ్ళుగా ఏంబ్రోస్ ఈ ఐదే అడుగుతున్నాడు. ఆ సంగతి లేలండ్‌కీ తెలుసు. దెబ్బ తగిలినప్పుడల్లా కన్నుగీటి, గడగడా చెప్పేసేవాడు.

తలుపు దగ్గర కోచ్ అరిచాడు. "ఆఖరి పీరియడ్ మొదలవుతోంది. వాణ్ణి పంపుతావా, లేదా?"

"ఒక్క నిమిషం. ఏదీ, చెప్పరా."

"పడవ... ఉప్పు..." లేలండ్ చాలాసేపు నేల వంక చూశాడు. చివరికి తలెత్తి కోపంగా అన్నాడు. "మోసం చేశావు కదరా! ఎప్పుడూ అడిగేవి వదిలేసి, ఇవాళ కొత్తవి పెట్టావేంటి?"

ఏంబ్రోస్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"అవున్రా, కొత్తవే. తప్పు నాదే."

కోచ్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత కింద కూర్చుని లేలండ్ స్కేట్ల లేసులు విప్పబోయాడు. లేలండ్ అతని చేతులు తోసేశాడు.

ఏంబ్రోస్ మళ్ళీ ముడి పట్టుకున్నాడు.