గ్లాసెడు నీళ్ళు

“పెద్దమ్మా, నీకు క్షయ ఉందని తేలింది. మందులు వాడితే తగ్గిపోతుందిలే,” అంది పరిశోధన కోసం వలసకూలీల కఫం సేకరించే అమ్మాయి, గుమ్మంలోనే నిలబడి.

షెడ్డులో ఆడవాళ్ళంతా బిక్కచచ్చిపోయారు.

“గ్లాసుతో అంటుకుంటుందా?” అడిగిందొకామె.

“ఛ, అలా అంటుకోదు. మీరూ పరీక్షకు రండి. నేనేమైనా పరాయిదాన్నా?”

“ఈ దేశంకాని దేశంలో మన మాట మాట్లాడేది నువ్వేగా! మొన్న నా గ్లాసుతో నీళ్ళు తాగావనే నమ్మి పరీక్షకు ఒప్పుకున్నాను.” పెద్దమ్మ తన గ్లాసుతో నీళ్ళు ముంచి ఒక గుక్క తాగి, అదే గ్లాసు అందించింది. “ఇదిగో, తాగు. వీళ్ళకీ ధైర్యమొస్తుంది.”

ఎండన పడి వచ్చిన అమ్మాయి నాలుకతో పెదాలు తడుపుకుంది.

“ఇప్పుడే తాగొచ్చాను పెద్దమ్మా.”

పెద్దమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

చంకలో బిడ్డను అదుముకుని, అందరికంటే ముందు ఆమెకు దూరం జరిగింది సొంత కోడలే.