ఇటుకల పండక్కి ఇనుప కుక్కలు

కుక్కలతో వేటను నిషేధించాలని ముత్తెమ్మ పదేళ్లు కొండకొండా తిరిగి సంతకాలు కూడగట్టింది. చట్టం వచ్చింది. దాని వెనకాలే ఊళ్లోకి జంతువుల జాడ పట్టి వేటాడే ఇనుప మరకుక్కలూ వచ్చాయి.

మన్యంలో ఏటా వచ్చే వేట పండగ, ఇటుకల పండక్కి అడవికెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోయడం అక్కడి ఆచారం. ఇనుప కుక్కలొచ్చాక ఆ అవసరమే పడలేదు.

ఈ ఏడు మరిది సోమన్న సూడితో ఉన్న కొండగొర్రెను భుజాన వేసుకొచ్చాడు.

"సట్టం కుక్కల్ని వద్దంది గానీ మిషన్ని కాదు గదా వదినా!" అని పళ్లికిలించాడు. "కొండంతా గాలిస్తే ఇదొక్కటే దొరికింది."

ముత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆచారం కొద్దీ కలిపి ఉంచిన కుండెడు పేడనీళ్లూ అతని నెత్తిన కుమ్మరించింది.

"వేట తెచ్చినోడి మీదా పోస్తావు?" అని అరిచాడు సోమన్న.

"వచ్చే ఏడు వట్టి సేతుల్తోనే వస్తావు గదరా! అందుకే ముందే పోసేసినాను."