శ్రీరామమూర్తిగారి గాలిభయం

సామాను లారీ గేటు ముందు ఆగడమూ, వాన మొదలవడమూ ఒక్కసారే జరిగాయి. పరుపులు తడిసి ముద్దయ్యాయి. బీరువా పెరట్లో వేపచెట్టు కింద నిలబడి స్నానం చేస్తోంది. సిల్వియా కొంగు నెత్తిన వేసుకుని అటూ ఇటూ పరుగెడుతుంటే, పక్కింటి వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న పెద్దాయన కాఫీ తాగుతూ పలకరించాడు.

"వర్జ్యంలో దిగినట్టున్నారండీ!"

ఆయన శ్రీరామమూర్తి. ఏదో ఆఫీసులో సూపర్నెంటుగా చేసి రిటైరయ్యాడు. గొంతు వెన్నపూస. మాట మాటకీ ఒక 'అండీ'. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనకుండానే అందరిచేతా పని చేయించుకోవడం ఆయన సర్వీసులో నేర్చిన విద్య.

తాడేపల్లిగూడెం శివార్లలో, వీధికి ఆఖరున ఉన్నవి ఆ రెండిళ్ళే. అవి దాటితే వరిచేలు.

సిల్వియాది కొల్లేరు పక్క పల్లె. పుట్టింటి చుట్టూ చేపల చెరువులే. ఆమెకి తెలిసిన నీడ తాటాకు పందిరి నీడ. అందుకే ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు గోడల పగుళ్ళు చూడలేదు. పెరట్లో మునగ, బాదం, పనస, వేప చూసింది. "ఇదే కొనేద్దాం," అంది. ఆమె భర్త యోబు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంట్లో మాత్రం ఆమె లెక్కే లెక్క.

మొదటి గాలివానకి మునగకొమ్మ విరిగి ప్రహరీ అవతల పడింది. తెల్లారేసరికి శ్రీరామమూర్తి గేటు దగ్గరున్నాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. మా గోడ పెచ్చు ఊడిందండీ. ఇవాళ పెచ్చు, రేపు మా తలకాయ. మీరు చదువుకున్నవారు, నేను చెప్పాలా అండీ?"

కొత్తగా దిగిన చోట పక్కవారితో పేచీ ఎందుకని యోబు మునగ కొట్టించాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. బాదం ఆకులు ఆయన డాబా మీద రాలి తూము మూసుకుపోయింది. యోబు ఆదివారం చర్చి నుంచి రాగానే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఆయన డాబా ఎక్కి ఆకులు ఊడ్చాడు. శ్రీరామమూర్తి కింద గొడుగు పట్టుకుని నిలబడి, "ఆ మూల కూడానండీ," అన్నాడు. మూడు ఆదివారాలు ఊడ్చాక యోబుకే బాదం మీద విసుగొచ్చింది. అదీ పోయింది.

"పనస వేళ్ళు మా పునాదిలోకి దూరుతున్నాయండీ," అన్నాడు ఆ తర్వాత.

యోబు గునపం తెచ్చి ప్రహరీ పొడుగునా గొయ్యి తీశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్క వేరూ కనిపించలేదు. రాత్రి కురిసిన వానకి గొయ్యి నిండి, ఆ నీళ్ళు సిల్వియా వంటింట్లోకే వచ్చాయి.

"కనిపించలేదంటే ఇంకా లోతుకి పోయాయన్నమాటండీ," అన్నాడు శ్రీరామమూర్తి.

పనస కూడా పడింది.

ఇక వేప. అది మాత్రం కుదరదంది సిల్వియా.

ఆశ్వయుజంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. ఈసారి ఆయన ఒక్కడే రాలేదు. భార్య శకుంతలని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ సిల్వియా చేతులు పట్టుకుని భోరుమంది.

"గాలి వేస్తే చాలు, కంటిమీద కునుకుండటం లేదమ్మా. మీ చెట్టు మా ఇంటి మీదకే ఒరిగి ఉంది. జీవితమంతా కష్టపడ్డాం. ఈ వయసులో నెత్తిమీద కప్పు పోతే ఎక్కడికి పోతాం చెప్పు?"

సిల్వియా కళ్ళు తుడుచుకుంది. మర్నాడు రంపంవాళ్ళు వచ్చారు. చెట్టు పడుతుంటే ఆమె వంటింట్లో తలుపేసుకుని, కుళాయి తిప్పి కూర్చుంది. చప్పుడు వినపడకుండా.

తుఫాను ఆ సాయంత్రమే దారి మళ్ళి ఒడిశా వెళ్ళిపోయింది. వీధి చివర ఆకు కదల్లేదు. కదలడానికి ఆకే లేదు.

"పోనీలెండి," అంది సిల్వియా ఆ రాత్రి భర్తతో. "ఎవరి ఇల్లు వాళ్ళకి ప్రాణం. పెద్దవాళ్ళు, భయపడ్డారు."

ఏప్రిల్ వచ్చింది. గోడలు పెనాల్లా కాలాయి. వేపచెట్టు మధ్యాహ్నమంతా ఎవరి వరండాకి నీడ పట్టేదో అప్పుడు తెలిసింది. పడక్కుర్చీ లోపలికి పోయింది. శ్రీరామమూర్తి తడిగుడ్డ నెత్తిన వేసుకుని గేటు దగ్గరికొచ్చి, "ఏం ఎండలండీ! పూర్వం మనుషులకి చెట్లు నాటే జ్ఞానం ఉండేదండీ," అని నిట్టూర్చి వెళ్ళాడు.

ఒక ఉదయం ఆయన ఇంటి ముందు లారీ ఆగింది. బీరువా ఎక్కుతోంది. మంచాలు ఎక్కుతున్నాయి. సిల్వియా చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తుకొచ్చింది.

"బాబాయిగారూ, ఎక్కడికండీ?"

"గణపవరం వెళ్ళిపోతున్నామండీ. అక్కడ ఇంటి చుట్టూ మామిడిచెట్లు. లోపల అడుగు పెడితే చాలు, ప్రాణం లేచొస్తోందండీ. ఇక్కడ ఉండలేమమ్మా. ఒక్క చెట్టయినా లేదాయె. మీ పిన్నిగారికి ఒళ్ళంతా చెమటకాయలు."

సిల్వియా ఆయన ఇంటి వైపు చూసింది. పెచ్చు ఊడిన గోడ, ఆకు రాలని డాబా, చెక్కుచెదరని పునాది. ఆమెకి జాలేసింది.

"ఎంత ప్రాణంగా చూసుకున్నారండీ ఈ ఇంటిని! అమ్మేశారా మరి?"

శ్రీరామమూర్తి లారీ ముందు సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకుంటూ మెత్తగా నవ్వాడు.

"అమ్మడానికి మాదైతే కదండీ, మీరు దిగడానికి వారం ముందే మేమూ ఇందులో అద్దెకి దిగాం!"