ఉద్యోగం మాట ఎత్తొద్దు

"ఉద్యోగం మాట మాత్రం ఎత్తకు," అంది వరూధిని, మునిరాజుగారి గేటు ముందు కొడుకు కాలర్ సరిచేస్తూ.

"వాళ్ళు అడిగితే?"

"అడిగితే నేను మాట్లాడతాను. నువ్వు స్వీటు తిను."

అభిజిత్ తలూపాడు. నిన్న సాయంత్రం ఆరింటిదాకా అతను వైట్‌ఫీల్డ్‌లో, జనం ఫొటోలూ పోట్లాటలూ పెట్టుకునే ఓ యాప్ కంపెనీలో ఇంజనీరు. రెండు నెలల కిందట ఓ వేలకోట్ల ఆసామి ముచ్చటపడి ఆ కంపెనీని మొత్తంగా కొనేశాడు. కొన్న వారానికే జీతాలూ సెలవులూ చూసే హెచ్ఆర్ విభాగాన్ని ఇంటికి పంపించేశాడు. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత కూడా జనానికి ఊస్టింగ్ మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. కింద సంతకం 'హెచ్ఆర్ బృందం' అని. లేని బృందం ఉన్నవాళ్ళని ఎలా తీసేస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. నిన్న అభిజిత్ వంతు వచ్చింది. మొత్తం నాలుగు వాక్యాలు. ఫోన్లో అది చదవడం పూర్తయ్యేలోపే ఎదురుగా ఉన్న లాప్‌టాప్ లాక్ అయిపోయింది.

పెళ్ళిచూపులు వాయిదా వేద్దామంటే తల్లి ఒప్పుకోలేదు. ఇది నాలుగో సంబంధం. మొదటి మూడూ అబ్బాయే వద్దన్నాడు. ఈ అమ్మాయి, హరిణి, బయోడేటాలో అభిరుచుల దగ్గర 'నిద్ర' అని ఒక్కటే మాట రాసింది. అది చదివి నవ్వినవాడు పది రోజులుగా తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు. అందుకే ఇవాళ అంత భయం. నిజం చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే ఆ అబద్ధంతోనే కాపురం మొదలుపెట్టాలి.

హరిణి తండ్రి మునిరాజుగారిది చిక్‌పేటలో పట్టుచీరల కొట్టు. మూడు తరాలుగా బెంగళూరే. వచ్చినవాళ్ళని చేతులు పట్టుకుని మరీ కూర్చోబెట్టాడు.

"మా పాప కూడా పని చేస్తా ఉండాది, ఇంట్లో నుంచే. కంపెనీలకి ఏందో రాసిపెట్టే పనంట, నాకు సరిగా తెలీదప్పా," అని, ఆయన అభిజిత్ వైపు తిరిగాడు. "మీ ఆఫీసు ఎట్లుండాది? ఎవరో శానా దుడ్డున్నాయన కొన్నాడంటనే?"

వరూధిని గొంతు సవరించుకుంది. ఆవిడ నోరు తెరిచేలోపే కాఫీలు పట్టుకుని హరిణి వచ్చింది. చక్కెర లేని గ్లాసు ఏదో చెప్పి తండ్రి చేతికిచ్చి, కొట్టునుంచి రెండుసార్లు ఫోనొచ్చిందని గుర్తుచేసింది. ఆయన ఆ ఫోన్ సంగతిలో పడిపోయాడు. కాసేపటికి తల్లి పార్వతమ్మ, బాబుకి ప్రమోషన్ ఎప్పుడొస్తుందని ఆరా తీసింది. స్టవ్ మీద పాలున్నాయేమో చూడమని హరిణి ఆమెను లోపలికి పంపింది. రెండుసార్లూ బతికిపోయానని అభిజిత్ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

అప్పుడే హరిణిని సరిగ్గా చూశాడు. ఆమె కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. అతనివైపు ఒక్కసారి కూడా చూడలేదు. రాత్రంతా ఏడ్చినట్టుంది, బలవంతాన చీర కట్టబెట్టి కూర్చోబెట్టారు కాబోలు అనుకున్నాడు. ఉన్న భయానికి తోడు ఇదొకటి.

ఇద్దరూ మాట్లాడుకోమని పార్వతమ్మ మిద్దె మీదికి పంపింది. అక్కడ పాత పంచె మీద వడియాలు ఎండుతున్నాయి.

"మీకిష్టం లేకపోతే చెప్పండి," అన్నాడు అభిజిత్. "నేనే వద్దన్నానని కిందకెళ్ళి చెబుతాను."

"నేనట్ల అంటినా?"

"లేదు. కానీ... ఇంకో సంగతుంది. నిన్న సాయంత్రం నా ఉద్యోగం పోయింది. చెప్పొద్దంది మా అమ్మ. దాచిపెట్టి పెళ్ళి చేసుకోవడం నా వల్ల కాదండీ."

చెప్పేశాక ఒళ్ళంతా తేలికపడింది. నిన్నటినుంచి అప్పుడే మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకున్నాడు. పిల్ల దక్కకపోయినా ఫరవాలేదనిపించింది. మరుక్షణమే చాలా ఫరవా ఉందనీ అనిపించింది.

హరిణి పిట్టగోడకి ఆనుకుని, మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

"చెప్తారో, చెప్పరో అని పొద్దున్నుంచి చూస్తా ఉండాను," అంది. "చెప్పకుండా పోయింటే నేనే వద్దనేదాన్ని. రాత్రంతా నిద్ర లేని నా మొహం చూసి, ఇంకో దినం పెట్టుకుందామనె మా నాయన. ఈ దినమే రానీ అంటి. ఉద్యోగం ఇంకోటి వస్తాది లెండి. నాకైతే ఇష్టమే."

అభిజిత్‌కి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండిట్లో ఏది ఆపుకోవాలో తెలియక రెండూ వదిలేశాడు. కింద పార్వతమ్మ ఏదో అంటుంటే వరూధిని గట్టిగా నవ్వుతున్న సద్దు వినిపిస్తోంది. పాపం, ఆవిడింకా ఉద్యోగం మాట రాకుండా కాపలా కాస్తూనే ఉంది. ఆ సంగతి తలుచుకున్నాక గానీ అతనికి అసలు అనుమానం రాలేదు.

"నా ఉద్యోగం పోయిందని మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదే. మీకెలా తెలిసింది?"

హరిణి తల దించుకుంది. "కోపం చేసుకోనంటే చెప్తాను."

"ఇవాళ నాకు కోపం తెప్పించడం ఎవరి తరం కాదు."

"మీకు ఆ మెయిల్ పంపింది నేనే."